తెల్లారని ఊరికి రెండు పేర్లు

పెళ్ళయిందా అని అడుగుతాడు. గాజు పలక వెనక కూర్చున్నతను, ఇప్పుడు కాకపోతే ఇంకాసేపటికి, సాయవ్వ టోకెన్ నంబరు ఎర్రగా వెలిగినప్పుడు, అందరినీ అడిగినట్టే అడుగుతాడు, పేరేమిటి, తండ్రి పేరేమిటి, పుట్టిన ఊరేమిటి, పెళ్ళయిందా, అడిగి ఆమె మొహం వైపు చూడకుండానే టకటకా టైపు కొట్టేస్తాడు. అప్పుడు సాయవ్వ కాలేదని చెప్పాలి. రాజమౌళి పదిహేను రోజులుగా ఫోన్లో నేర్పిస్తున్నది ఈ ఒక్క మాటే. "హిందీల అడిగితే నహీ అను. ఇంగ్లీషుల అడిగితే సింగిల్ అను. ఇగ వేరే ముచ్చట వెట్టకు. నవ్వకు." నవ్వకు అని ఎందుకు చెప్పాడో, ఇందులో నవ్వేంత ఏముందనుకున్నాడో. సింగిల్ సింగిల్ అని విల్లాలో బాత్రూములు కడుగుతూ లోపల్లోపల అనుకుంటుంటే నాలుకకు సబ్బునీళ్ళ రుచి తగిలింది. బళ్ళో పంతులు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు, మొగుడు పెళ్ళాంతో పెళ్ళి కాలేదనే మాట అప్పజెప్పించుకున్నాడు, మళ్ళీ అను, ఇంకోసారి అను, ఆ, గిప్పుడు మంచిగొచ్చింది.

ఉక్కు కుర్చీ చల్లగా తగులుతోంది. నెత్తిమీదే ఏసీ నోరు తెరుచుకుని ఉంది. బయట బర్ దుబాయ్‌లో జూన్ ఎండకు చెప్పుల అడుగులు కూడా మెత్తబడుతుంటే ఈ వీసా సెంటర్లో మాత్రం అందరూ ముడుచుకుని కూర్చున్నారు, సాయవ్వ చున్నీని భుజాల నిండా కప్పుకుని ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలును రెండు చేతులతో పట్టుకుంది. అందులో పాస్‌పోర్టు. అది ఎప్పుడూ షార్జాలో ఆమె పనిచేసే విల్లా మేడమ్ బీరువాలోనే ఉంటుంది, రెన్యూవల్ అని చెప్తే పొద్దున తీసి ఇచ్చింది, "సారా, సాయంత్రం మగ్రిబ్ నమాజు లోపల ఇంట్లో ఉండాలి" అంది. సాయవ్వ అనే పేరుకు ఆ ఇంట్లో ఎవరి నోరూ తిరగలేదు, వచ్చిన వారానికే ఆమెను సారా చేసేశారు, నన్నడగలేదేమని అనుకోవాలని కూడా అప్పుడామెకు తోచలేదు, పిలిచినప్పుడల్లా పలికింది. పాస్‌పోర్టు కింద కెనడా నుంచి వచ్చిన పని కాగితం. ఆ దేశానికి బాగా పైన, పటంలో రంగు కూడా వేయకుండా తెల్లగా వదిలేసినచోట ఒక దీవి, ఆ దీవిలో రెండొందల మందికి మించని ఊరు, ఆ ఊళ్ళో ఒక హోటల్, ఆ హోటల్లో గదులు తుడిచే పని. వంటవాడు రాజమౌళి. ఆమె మొగుడు. కాగితం మీద మొగుడు కాదు, కాగితం మీద ఆమెకు ఏమీ కాడు, "మా ఊరామె, పని మంచిగ జేస్తది" అని యజమానికి చెప్పి పని ఇప్పించిన పుణ్యాత్ముడు.

అతను అక్కడ దిగింది నవంబరులో, కరోనా తర్వాతి ఏడు. దిగిన మూడో రోజు ఫోన్ చేసి అదోలా నవ్వాడు, "చిన్న ఇమానమే, మన ఊరి ఆటో అసుంటిది. దిగంగనే చీకటి. రాత్రనుకున్న, తెల్లారినంక ఊరు సూద్దామని పండుకున్న. లేచిన. తెల్లారలే. మల్ల పండుకున్న, మల్ల లేచిన. తెల్లారలే సాయవ్వా." వంటింట్లో తోడుండే అతన్ని అడిగితే ఫిబ్రవరిలో అన్నాడట. ఫిబ్రవరిలో తెల్లారుతుందట. ఈ ఊరి పేరే అది, వీళ్ళ భాషల కౌసుయిట్టుక్ అంటరు, అంటే తెల్లారని చోటు, అని చెప్పాడు. ఆమె ఆ పేరును మెట్లు తుడుస్తూ అనుకుంది, కౌసుయిట్టుక్, పిట్ట గొంతులో గింజ అడ్డం పడినట్టుంది, అని నవ్వుకుంది కూడా, అప్పుడింకా నవ్వొచ్చేది. వేరేవాళ్ళ మొగుళ్ళు కార్ల ముందు నిలబడి ఫోటోలు పంపితే రాజమౌళి ఊళ్ళ పేర్లు పంపేవాడు. ఔసుయిట్టుక్, మంచు కరగని చోటు. ఇకాలుయిట్, చేపలుండే చోటు. మిట్టిమాటలిక్, మిట్టిమ అనే మనిషిని పాతిపెట్టిన చోటు. ఎవరు ఆ మిట్టిమ అని అడిగితే, ఎవలికి యాదికి లేదంట, పేరు మిగిలింది, మనిషి మిగల్లే, అన్నాడు. ఆ రాత్రి ఆమెకు తమ ఊరు గుర్తొచ్చింది, మెట్‌పల్లి అవతల, ఎలుగుబండ, దొంగల ఒర్రె, బాలింత మడి, ఏ బాలింతో ఎందుకా మడికి ఆ పేరో చెప్పేవాళ్ళు లేరు, పట్వారి కాగితాల్లో అవన్నీ వట్టి నంబర్లు. మన దగ్గరున్నట్టే ఉందే అంది. "గదే జెప్తున్న నీకు. మన అసుంటోళ్ళే ఈళ్ళు." అతని గొంతులో ఆ సంతోషం నిజమే. అది నిజం కాదని ఇప్పుడనుకుందామన్నా కుదరడం లేదు, అదే కష్టంగా ఉంది.

బోర్డు మీద నంబరు మారింది. తనది కాదు. ముందు వరసలో ఒక జంట లేచింది, కొత్తగా పెళ్ళయినట్టున్నారు, ఆ అమ్మాయి మోచేతుల దాకా గోరింటాకు ఎరుపు ఇంకా వదల్లేదు, అతను ఫైలు తన చేతిలోకి తీసుకుని ఆమె బ్యాగు కూడా భుజానికి తగిలించుకున్నాడు. వాళ్ళను ఏమని అడుగుతారో. అడగక్కర్లేదు.

ఆ ఊరికి ఇంకో పేరుందని రెండేళ్ళ దాకా చెప్పలేదు. పటంలో దాని పేరు రిజల్యూట్. పూర్వమెప్పుడో తప్పిపోయిన తెల్లదొరలను వెతకడానికి ఒక ఓడ వచ్చిందట, ఆ ఓడ పేరది, వెతికారు, దొరకలేదు, పోయారు, పేరును మాత్రం ఇక్కడ పారేసి పోయారు. అసలు ఆ చోట ఊరే లేదట. దక్షిణాన ఎంతో దూరంలో ఇనుక్జువాక్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళను సర్కారు ఓడెక్కించి తెచ్చింది. అక్కడ వేట దండిగా ఉంటుంది, నచ్చకపోతే రెండేళ్ళలో తిరిగి తెచ్చి దింపుతాం అన్నారు. ఈ మాట రాజమౌళికి చెప్పింది ఒక అవ్వ, హోటల్ వంటింటికి చాయ కోసం వస్తుంది, ఓడెక్కినప్పుడు ఆమె ఆరేళ్ళ పిల్ల. ఓడెక్కాకే చెప్పారట వాళ్ళకు, మీరందరూ ఒక్కచోటికి పోవడం లేదు, కొందరు ఇక్కడ, కొందరు అటు మంచు కరగని చోట అని. ఆడవాళ్ళు ఏడుపు అందుకుంటే వాళ్ళతో తెచ్చుకున్న కుక్కలు కూడా మోరలెత్తి ఏడ్చాయట. వేట లేదు. ఇళ్ళు లేవు, గుడారాలు. మొదటి చలికాలం పొద్దు పోయి ఎంతకీ రాకపోతే అవ్వ నాయన పొద్దు చచ్చిపోయిందనుకున్నాడట, వాళ్ళ సొంతూళ్ళో చలికాలమైనా పొద్దు కాసేపన్నా కనబడేది. తెల్లారని చోటు అన్నది ముద్దుగా పెట్టుకున్న పేరు కాదు, ఉక్రోషంతో పెట్టిన పేరు. రెండేళ్ళయ్యాక అవ్వ నాయన పోలీసు దగ్గరికి పోయి ఇక మమ్మల్ని తీసుకుపొండి అన్నాడు. ఓడ లేదు అన్నారు. మళ్ళీ ఏడూ అడిగాడు. లేదన్నారు. ఆయన్ను అక్కడే పూడ్చారు. ఎన్నో ఏళ్ళకు సర్కారు క్షమించమని అడిగిందట, ఎవరిని అడిగిందో, ఆయన వినలేదు కదా.

రెండేళ్ళు. దుబాయ్‌లో ఈ మాటకు అర్థం తెలియనివాడు లేడు. ఎవరిని అడిగినా రెండేళ్ళకే వచ్చామంటారు. రాజమౌళి సోనాపూర్ క్యాంపులో ఎన్ని రెండేళ్ళున్నాడో. సోనాపూర్, బంగారపు ఊరు, కూలోళ్ళు పెట్టుకున్న పేరే, సర్కారు బోర్డుల మీద ఆ పేరుండదు, బంగారం సంగతి సరే, పక్కనే శవాల్ని పూడ్చే బొందలగడ్డ. అతను క్యాంపులకు అన్నం వండి పంపే కంపెనీలో, ఆమె షార్జాలో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంట్లో. మొగుడూ పెళ్ళాలు ఒకే దేశంలో ఉన్నారంటే ఊళ్ళో వాళ్ళు ఎంత అదృష్టమే నీది అనేవాళ్ళు, ఆ అదృష్టం పదిహేను రోజులకు ఒక శుక్రవారం, సాయంత్రం దాకా. పోవడానికి చోటు లేదు. దుబాయ్‌లోనే డేరా అనే పేటలో ఒక బస్టాపు ఉంది, గాజు గోడలు, లోపల ఏసీ. అందులో కూర్చునేవాళ్ళు. బస్సు వచ్చేది, తలుపు తెరుచుకునేది, డ్రైవరు చూసేవాడు, ఇద్దరూ తలలు అడ్డంగా ఊపేవాళ్ళు, పోయేది. రాజమౌళి దానికి బంగ్ల అని పేరు పెట్టాడు. "ఎన్నింటికి వస్తవ్ బంగ్లకు?" అనేవాడు ఫోన్లో, చుట్టూ ఉన్నవాళ్ళు నిజంగా బంగళానే అనుకునేవాళ్ళు. అబ్రా పడవలు ఆగేచోట రాతి గట్టుకు మనరుగు. మాల్ తలుపు తెరుచుకున్నప్పుడల్లా చల్లగాలి బయటికి తోసుకొచ్చే మూలకు సల్లగడప. ఈ దేశంలో గజం జాగా లేదు వాళ్ళకు, పేర్లు మాత్రం పెట్టుకున్నారు, పేరు పెట్టుకుంటే మనదైనట్టే అనుకున్నారు, ఎంత పిచ్చి, ఓడ పేరు పెట్టి పోయినవాళ్ళూ అట్లాగే అనుకుని ఉంటారు.

ఏ శుక్రవారం? ఇదీ ఆమెను తినేస్తున్న ముచ్చట. పెళ్ళి కాలేదని అతను ఇక్కడే, డేరాలో, ఏజెంటు ఆఫీసులో చెప్పాడు, అక్కడికి పోయాక కాదు. కంపెనీ మూతపడి, కరోనాలో క్యాంపు గేట్లకు తాళాలు పడి, అతను మంచం మీద గోడ చూస్తూ పడుకున్న నెలల తర్వాత, ఆ ఏజెంటు దొరికాడు. ఒంటరివాడైతే తొందరగా అవుతుందన్నాడట. సరే అన్నాడట. ఆ సరే అన్న తర్వాత కూడా బంగ్లకు వచ్చాడు. ఆమె పక్కన కూర్చున్నాడు. చేతిలో చెయ్యి పెట్టాడు. రెండేళ్ళే, తర్వాత నిన్ను రాణి లెక్క తీసుకపోత అన్నాడు. ఆమె నమ్మి ఏడ్చింది. పదిహేను రోజులుగా గిన్నెలు తోముతూ, ఇస్త్రీ చేస్తూ ఆ శుక్రవారాలన్నిటినీ తిరగేస్తోంది, బియ్యంలో రాయిని వెతికినట్టు. వాన పడిన రోజా? అతను కొత్త చొక్కా వేసుకొచ్చిన రోజా, ఆ రోజు కళ్ళలోకి చూడలేదే, చూశాడా? చూడలేదని ఇప్పుడు తానే కల్పించుకుంటోందా? ఒక్క రోజు తెలిస్తే ఆ ఒక్కదాన్ని తీసి పారేసి మిగతావన్నీ దాచుకోవచ్చు. తెలియకపోతే అన్నీ పోయినట్టే. అడిగింది. "గుర్తు లేదే" అన్నాడు. గుర్తు లేదట.

ఆ రోజు గుర్తుందా అని అడగాల్సింది. కరోనాకు ముందటి ఏడు, ఎవరో ఊరివాళ్ళ గది ఒక్క పూట దొరికిన శుక్రవారం తర్వాత, నెల తప్పింది ఆమెకు, ఎవరికీ చెప్పలేదు, విల్లాలో తివాచీలు ఎత్తి దులుపుతుంటే కడుపులో ఏదో తెగినట్టయి కూలబడితే వంటమనిషి దిల్షాద్ బేగం టాక్సీలో ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ నర్సు లీలాకుమారి, భీమవరం వైపు మనిషి, తెలుగు వినగానే దగ్గరికొచ్చింది, దుప్పటి కప్పి, చెవిలో అంది, "అమ్మా, పెళ్ళి కాగితం ఉందా? లేకపోతే మేం పోలీసులకి చెప్పాలండి, మా చేతుల్లో లేదు. మీ ఆయన్ని తొందరగా రమ్మనండి, డాక్టరమ్మ రౌండుకొచ్చేలోపు." పెళ్ళికాని ఆడది కడుపుతో ఉంటే అప్పట్లో జైలే. దిల్షాద్ ఫోన్ చేసింది. రాజమౌళి వంటింట్లోంచి ఎట్లా వచ్చాడో, ఎవరిని బతిమాలాడో, ఎంత దూరం పరుగెత్తాడో, చొక్కా లోపల పొట్టకు ఆనించి ప్లాస్టిక్ వేయించిన పెళ్ళి కాగితం, చెమటకు అతుక్కుపోయింది, ఊడదీసి నర్సుకిచ్చి, వార్డులో పడుకున్నవాళ్ళందరికీ వినబడేటట్టు, అరబ్బులకూ ఫిలిప్పీన్స్ వాళ్ళకూ అర్థమయ్యేటట్టు, "నా పెండ్లామే. నా పెండ్లామే ఈమె. మేరా బీవీ" అని అరిచాడు. పిండం పోయింది. ఆ అరుపు మిగిలింది. దాన్నే పట్టుకుని బతికింది ఆమె ఇన్నేళ్ళు, మేడమ్ సారా అన్నా, సార్ తల్లి చెయ్యెత్తినా, అతను పోయాక శుక్రవారాలు ఒక్కతే గదిలో గోడ చూస్తూ కూర్చున్నా. అట్లా అరిచిన నోరూ ఏజెంటుతో లేదు అన్న నోరూ ఒక్కటే. రెండు నోళ్ళుంటే బాగుండేది, ఒకదాన్ని తిట్టుకునేది.

గోరింటాకు అమ్మాయి కౌంటరు దగ్గర ఏదో చెప్పి నవ్వింది. కౌంటరు అతను కూడా నవ్వాడు. అతని చొక్కాకు పేరు బిళ్ళ ఉంది, చదవలేకపోయింది.

పదిహేను రోజుల కింద రాజమౌళి ఈ సంగతి చెప్పినప్పుడు మొదట ఆమెకు అర్థమే కాలేదు. భార్యగా తీసుకుపోతాడనుకుంది. పెళ్ళి కాగితం, ఫోటోలు, పెళ్ళి పత్రిక కూడా దిల్షాద్ పెట్టెలో దాచి ఉంచింది, ఎప్పుడు పంపమంటావని అడిగింది. అవేవీ వద్దన్నాడు. నసిగాడు. అప్పుడు ఒంటిగున్ననని రాసిచ్చిన, ఇప్పుడు పెండ్లామున్నదంటే నేను అబద్ధమాడినట్టయితది, ఇద్దరం మునుగుతం, పనిమనిషి లెక్క రా, వచ్చినంక అన్నీ మెల్లగ జూస్కుందాం. ఆమె ఫోన్ పెట్టేయకపోయేసరికి అతనికి ధైర్యం వచ్చింది కాబోలు, గొంతు సర్దుకుని సముదాయించడం మొదలుపెట్టాడు. "పేరుదేమున్నదే? ఈడ ఊరికే రెండు పేర్లున్నయ్. పటంల రిజల్యూట్ అని ఉంటది, ఉత్తరాల మీద గదే రాస్తరు. ఈడున్నోళ్ళు కౌసుయిట్టుక్ అంటరు. ఏది అబద్ధం జెప్పు? రెండూ నిజమే. కాయితం మీద నువ్వు సింగిల్, నేను సింగిల్. మనకు మనం ఏందో మనకెర్క. కాయితం పేరు కాయితానిది, అసలు పేరు మనది."

అంత అందంగా చెప్పాడు. ఎన్ని రాత్రులు ఆలోచించి కూడబెట్టుకున్నాడో ఆ మాట, తెల్లారని ఊళ్ళో రాత్రులకేం కొదవ. ఆమెకు జవాబు తర్వాత వచ్చింది, ఇస్త్రీపెట్టె కింద మేడమ్ అబాయా బురఖా కాలబోతుంటే వచ్చింది. పటంలో పేరు ఎవరు పెట్టారు? అక్కడ ఉండనివాళ్ళు. వచ్చి, చూసి, పోయినవాళ్ళు. ఆ పేరు వల్ల నష్టం ఎవరికి? ఉన్నవాళ్ళకు. రెండు పేర్లూ నిజమేనట, కానీ పోలీసు దగ్గరికి పోయి తీసుకుపొండి అని అడిగినప్పుడు లెక్కకొచ్చింది ఏ పేరు? తాను రేపు అక్కడ జారి పడితే, జ్వరం వస్తే, చస్తే, మంచం పక్కన నిలబడి నా పెండ్లామే అని అరిచే హక్కు అతనికి ఏ పేరుతో వస్తుంది? ఎట్లా అరుస్తాడు? మా ఊరామె, మా ఊరామె అని అరుస్తాడా?

ఇంకొకటి. ఇది నిన్ననే తెలిసింది, నిన్న అంటే నిన్న ఎవరూ చెప్పలేదు, తనకే తట్టింది. పోయిన చలికాలం ఒకసారి రాజమౌళి నవ్వుతూ చెప్పాడు, "అవ్వ నాకు పిల్లను సూస్తదంట. బక్కగున్నవ్, ఇంట్ల ఆడమనిషి లేకుంటే ఈ చలికి సస్తవ్, మా చెల్లె మనవరాలున్నది, అంటది." ఆమె పగలబడి నవ్వింది. చేస్కో పో, నాకు సవతి వస్తే పని తప్పుతది, అంది. ఇద్దరూ నవ్వారు. పరిహాసమనుకుంది. ముసలామె పరిహాసమాడిందనుకుంది. నిన్న బట్టలు ఆరేస్తుంటే చెయ్యి గాలిలో ఆగిపోయింది. అవ్వ పరిహాసమాడలేదు. నిజంగానే అడిగింది. అతనికి పెళ్ళి కాలేదని ఆమె నిజంగానే అనుకుంది. ఎందుకంటే అతను అట్లాగే చెప్పాడు, సర్కారుకే కాదు, ఏజెంటుకే కాదు, చాయ తాగడానికొచ్చి తన నాయన చావును చెప్పుకున్న ముసలిదానికి కూడా. ఆమె తన బతుకంతా విప్పి చెప్తే అతను తన పెళ్ళాన్ని కూడా చెప్పలేదు. ఆ ఊళ్ళో సాయవ్వకు కాగితం పేరూ లేదు, అసలు పేరూ లేదు. రెండు పేర్లన్నది అంతా వట్టిది. ఒక్కటి కూడా లేదు. ఆ తడి చొక్కాను తీగమీద వెయ్యడానికి ఎంతసేపు పట్టిందో.

దిల్షాద్ బేగంతో చెప్పుకుంది. ఆమె హైదరాబాదు మనిషి, మొగుడు పోయి ఇరవై ఏళ్ళు, విల్లా వంటింట్లోనే ముసలిదైంది. ఉల్లిపాయలు తరుగుతూ వింది. "అరే సాయమ్మా, బోల్ దో నా, అకేలీ హూఁ కర్కే, ఒంటరిదాన్నని చెప్పెయ్. కాగజ్‌కు దిల్ ఉంటదా? ముందు ఈ ఇంట్లకెళ్ళి బయటపడు. మర్ద్ సంగతి తర్వాత చూడు." తర్వాత కత్తి పక్కన పెట్టి, కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయలకో దేనికో, "లేకిన్ ఏక్ బాత్. నువ్వు పోయేది వాని కోసమా, నీ కోసమా, గది ముందే ఫైసలా చేసుకుని పో. రెండూ అని పోయినోళ్ళను మస్తుమందిని చూసిన" అంది.

వాని కోసమా. అక్కడి ఒక ఊరివాళ్ళు నాలుగేళ్ళ కింద దొరల పేరును తీసేసి తమ పాత పేరు కింగైట్ మళ్ళీ పెట్టుకున్నారట, కొండలు అని అర్థమట, అందరూ ఓట్లేసి మరీ. అది కూడా అతనే చెప్పాడు, గొప్పగా చెప్పాడు. అంటే పేరు తీసెయ్యొచ్చన్నమాట. ఉండేవాళ్ళు వద్దనుకుంటే తీసెయ్యొచ్చు. ఏ పేరును తీసెయ్యాలన్నది వాళ్ళిష్టం.

గంట మోగింది. తన నంబరు. అరబ్బీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఫైలు పట్టుకుని లేచింది.

దగ్గరికి పోయాక పేరు బిళ్ళ కనబడింది, అనీష్. మలయాళీ. కళ్ళకింద నల్లగా, అలిసిపోయి ఉన్నాడు, చెడ్డవాడిలా లేడు. హిందీలో మాట్లాడాడు.

"నామ్? సా... సాయ్... ఎట్లా చదవాలి అమ్మా?"

"సాయవ్వ."

"సాయవ్వ," అన్నాడు అతను, సరిగ్గా అన్నాడు, ఆమె ఉలిక్కిపడింది. తండ్రి పేరు, చెప్పింది. పుట్టిన ఊరు, చెప్పింది, అక్షరం అక్షరం విడగొట్టి చెప్పింది. అక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారా? ఈ ప్రశ్న రాజమౌళి నేర్పలేదు. ఆమెకు వార్డు కనబడింది, చెమటకు అతుక్కున్న చొక్కా, నా పెండ్లామే. ఇప్పుడు అవును అంటే, ఉన్నాడు, నా మొగుడున్నాడు, రెండున్నరేళ్ళుగా అక్కడే ఉన్నాడు అంటే, ఈ మనిషి తల ఎత్తుతాడు, ఎవరినో పిలుస్తాడు, అక్కడ రాజమౌళి వంటింట్లో గరిటె కింద పెట్టాల్సి వస్తుంది. అంత బలం ఒక్క మాటకు ఉంది. అతను ఎప్పుడూ ఇవ్వని బలం ఇది, ఇప్పుడు తన నోట్లో ఉంది. పగ తీర్చుకోవడం ఇంత తేలికా అనిపించింది. కోపం ఎక్కడుందా అని లోపల తడుముకుంటే అది ఉండాల్సిన చోట లేదు, ఎప్పుడు పోయిందో, ఆ చోట తుడిచిన గచ్చులా ఖాళీగా, తడిగా ఉంది.

"ఎవరూ లేరు," అంది.

"మ్యారీడ్? సింగిల్?"

"సింగిల్."

అతను టైపు చేశాడు. నేర్చుకున్న మాట అది, పదిహేను రోజులు గొంతులో ముల్లులా తిరిగిన మాట, కానీ బయటికి వచ్చేటప్పుడు ఎక్కడా గుచ్చుకోలేదు. దానికే ఆమెకు భయమేసింది. అబద్ధమైతే గుచ్చుకోవాలి కదా. తర్వాత వేళ్ళ ముద్రలు. ఒక్కొక్క వేలూ గాజు మీద పెట్టింది, మెషిన్ పట్టలేదు, బ్లీచింగ్ నీళ్ళకు గీతలు అరిగిపోయాయి. అనీష్ ఒక తడిగుడ్డ ఇచ్చాడు, తుడిచి గట్టిగా నొక్కమన్నాడు, మూడోసారికి పట్టింది. "ఖలాస్ అమ్మా," అన్నాడు. "అక్కడ చాలా చలి. స్వెటర్ కొనుక్కోండి."

లిఫ్టు ముందు నిలబడగానే ఫోన్ మోగింది. అక్కడ తెల్లవారుజాము, కానీ జూన్‌లో అక్కడ పొద్దు గూకదు, నిద్రపోకుండా కూర్చున్నట్టున్నాడు.

"అయిందా?"

"అయింది."

"ఏమన్నవ్?"

"సింగిల్ అన్న."

అటువైపు గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు. "షాబాష్. ఇగ వచ్చినట్టే. రెండు నెలలల్ల ఈడుంటవ్ సాయవ్వా. గది గూడ అడిగి పెట్టిన, నా గది పక్కదే."

"ఇగో. జెర ఇను. నేను అబద్ధం జెప్పలే ఆడ."

"అంటే?"

"నువ్వు రెండు పేర్లన్నవ్ గదా. కాయితం మీద ఒకటి, మనకు ఒకటి. మనదన్నదాన్ని నేను తీసేసిన. వీసా వస్తే వస్త. పనికొస్త. గదులు తుడుస్త. అవ్వకు నువ్వు పెండ్లి గాలేదని జెప్పినవ్ గదా, గదే నేను గూడ జెప్త."

"పిచ్చి లేసిందా నీకు? ఏం మాట్లాడుతున్నవ్? ఇంత జేసింది నీ కోసం గాదా?"

లిఫ్టు వచ్చి, తెరుచుకుని, మూసుకుని పోయింది. తర్వాత అతని గొంతు వేరేలా వచ్చింది, కిందికి, చిన్నగా.

"గురువారం," అన్నాడు.

"ఏంది?"

"ఏ శుక్రారమని అడుగుతుంటివి గదా. శుక్రారం గాదు. గురువారం పొద్దుగూకినంక సంతకం వెట్టిన. తెల్లారి నీ దగ్గరికొచ్చిన. నువ్వు సర్వపిండి జేసి తెచ్చినవ్, ఆ మేడమ్ పండుకున్నంక దొంగతనంగ జేసిన అన్నవ్. నేను తినలే. కడుపు నొస్తున్నదన్న. నువ్వు మందుల షాపుకు ఉరికి గోలి తెచ్చినవ్, నీళ్ళ సీస మూత తీసి ఇచ్చినవ్. నాకన్నీ యాదికున్నయ్ సాయవ్వా. ఒక్కటి గూడ మర్వలే."

ఆమెకు కనబడింది. గాజు గోడ, బయట ఎండ, అతని నుదుటి మీద చెమట, నిజంగానే నొప్పి అనుకుని తాను అతని పొట్ట మీద చెయ్యి వేసి రుద్దడం, బస్సు తలుపు తెరిచిన డ్రైవరు ఏమైందని అడిగితే కొంచెం పానం బాగలేదని చెప్పడం. పదిహేను రోజులుగా ఆ శుక్రవారాన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు. దాన్ని దాచుకునేవాటిలో పెట్టుకుంది.

"గప్పుడే ఎందుకు జెప్పలే?"

"జెప్తే పోనిస్తుంటివా నువ్వు?"

ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"పోనియ్యకపోతుంటి."

"అందుకే జెప్పలే," అన్నాడు రాజమౌళి. ఏడుస్తున్నాడు.

"ఆ అవ్వ నాయినకు గూడ సర్కారోళ్ళు అందుకే జెప్పలే," అని సాయవ్వ ఫోన్ పెట్టేసింది.